దొరగారబ్బాయి ట్రంపెట్టు

ఇంగ్లండ్ వెళ్లిన కొత్తల్లో సోమవారం రాత్రులు హాస్పిటల్లో నాకు డ్యూటీ వెయ్యొద్దని, డ్యూటీల పట్టిక రాసే రిజిస్ట్రార్‌ని, అంటే మా పై డాక్టర్ని, తెగ బతిమాలుకునేవాణ్ని. ఆయన లెస్టర్‌లో గుజరాతీల మధ్య పెరిగిన తెల్లాయన, సోమవారం అంటే శివుడికి ఉపవాసం అని ఎక్కడో విన్నాడు, నేను అందుకే అడుగుతున్నాననుకుని చాలాసార్లు సరేననేవాడు, నేను ఔననీ అనలేదు కాదనీ అనలేదు. అసలు సంగతి వేరు. సోమవారం రాత్రి బీబీసీ రేడియో టూలో ఒక పెద్దాయన జాజ్ రికార్డులు వేసేవాడు. ప్రోగ్రామ్ పేరు ది బెస్ట్ ఆఫ్ జాజ్, ఆయన పేరు హంఫ్రీ లిటిల్టన్. దేశం మొత్తానికి ఉట్టి హంఫ్.

ఇది 1990ల మధ్యలో మాట. హాస్పిటల్ వాళ్లిచ్చిన ఒంటి గది, కార్ బూట్ సేల్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ రేడియో, దాని యాంటెన్నా విరిగిపోతే వైరు ముక్క చుట్టి కర్టెన్ రాడ్‌కి కట్టుకున్నా. కుక్కర్లో అన్నం పడేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా ముందు పెట్టుకుని వినేవాణ్ని. జాజ్ అంటే నాకు అప్పటికి ఓనమాలు రావు. కానీ ఆయన గొంతులో తొందర ఉండేది కాదు. ఇది విను, ఈ సోలో, అంటే ఒక్కడే వాయించే చోటు, దగ్గర చెవి పెట్టు, ఇతను అతని పక్కన కూచుని ఎలా మారిపోయాడో చూడు, అన్నట్టు చెప్పేవాడు, పాఠం చెప్తున్నట్టు మాత్రం ఉండేది కాదు. 1967లో మొదలుపెట్టి 2008 మార్చి దాకా ఆ ప్రోగ్రామ్ నడిపాడు, అంటే నలభై ఏళ్లు దాటి. మన ఆకాశవాణిలో కూడా అంతకాలం ఒకే మనిషి ఒకే ప్రోగ్రామ్ చేసినట్టు నాకు గుర్తులేదు.

చాలా వారాలు ఆయన్ని రేడియో మనిషనే అనుకున్నా, ట్రంపెట్ వాయిస్తాడని వార్డు సిస్టర్ చెప్పింది. వాయించడమేంటి, బ్రిటన్‌లో జాజ్‌ని నిలబెట్టినవాళ్లలో ఆయనొకడు అని ఆమె చెప్పిన తీరు ఇంకా గుర్తుంది, మన దగ్గర ఎవరైనా ఘంటసాల ఎవరండీ అని అడిగితే ఎలా చూస్తామో అలా చూసింది నన్ను.

ట్రంపెట్ నాకు కొత్త సరుకేం కాదు. తెనాలిలో మా వీధి చివర బ్యాండు మేళం వాళ్ల షెడ్డు ఉండేది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు అల్లిక తాళ్లు, కోటు మాత్రం అంత దర్జా, కింద కాళ్లకి హవాయి చెప్పులు. పెళ్లి ఊరేగింపుకీ వాళ్లే, శవం లేచినా వాళ్లే. బ్యాండు మాస్టారు ట్రంపెట్టు ఊదబోయే ముందు పెదాలకి కాస్త వెన్న రాసుకునేవాడు, ఎందుకంటే మూడే మూడు మీటలు, మిగతాదంతా పెదాలూ ఊపిరీ చూసుకోవాలి, పెదవి పగిలితే ఆ సీజన్ పోయినట్టే అనేవాడు. అసలా వాయిద్యాలు మన ఊళ్లకొచ్చింది ఇంగ్లీషు వాళ్ల మిలిటరీ బ్యాండ్ల నుంచే. అందుకని ట్రంపెట్ ఊదేవాడంటే నా లెక్కలో కూలీకి వాయించే మనిషి. ఈ హంఫ్ కథ తెలుసుకున్నాక నాకు బుర్ర తిరిగింది ఇందుకే.

ఆయన పుట్టింది ఈటన్ కాలేజీలో, 1921 మే 23న. కాలేజీలో పుట్టడమేంటంటే వాళ్ల నాన్న జార్జ్ లిటిల్టన్ అక్కడ హౌస్‌మాస్టరు, అంటే పిల్లలతో పాటే ఉండి వాళ్ల హాస్టల్ చూసుకునేవాడు, ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. ఈటన్ అంటే తెలుసుగా, బ్రిటన్ ప్రధానమంత్రులు తయారయ్యే స్కూలు. వంశం చూస్తే వైకౌంట్ కాబమ్ గారి కుటుంబం, క్రికెటర్లు, రాజకీయ నాయకులు, భూములు. 1605లో పార్లమెంటుని పేల్చెయ్యాలని గన్‌పౌడర్ కుట్ర జరిగింది కదా, అందులోవాళ్లకి దాక్కునే చోటిచ్చాడని ఆ వంశంలోనే ఇంకో హంఫ్రీకి మరణశిక్ష వేశారు. ఇంత పెద్దింటి పిల్లాడు స్కూల్లో చదువుతూ అమెరికా జాజ్ ట్రంపెటర్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విని, లండన్ ట్రంపెటర్ నాట్ గొనెల్లాని విని పాడైపోయాడు. 1936లో లార్డ్స్ గ్రౌండ్‌లో ఈటన్‌కీ హారో స్కూలుకీ క్రికెట్ మ్యాచ్, అది ఆ తరగతి వాళ్లకి పెద్ద పండగ, టోపీలు పెట్టుకుని తల్లులూ చెల్లెళ్లూ అందరూ వచ్చేవాళ్లు. మనవాడు అక్కణ్నుంచి జారుకుని చేరింగ్ క్రాస్ రోడ్‌కి పోయి ట్రంపెట్టు కొనుక్కొచ్చాడు. గురువు లేడు. తనంతట తనే నేర్చుకున్నాడు. స్కూల్లోనే నలుగురితో బ్యాండు పెట్టాడు, డ్రమ్స్ మీద లుడోవిక్ కెనెడీ, తర్వాత పెద్ద జర్నలిస్టు అయ్యాడు ఆయన.

స్కూలయ్యాక ఇంట్లోవాళ్లు వ్యాపారం లైన్లో పెడదామని సౌత్ వేల్స్‌లో పోర్ట్ టాల్బట్ ఉక్కు ఫ్యాక్టరీకి పంపారు. వాళ్లనుకున్నది ఒకటి, అయింది ఇంకోటి. అక్కడి కార్మికుల బతుకు చూసి దొరగారబ్బాయి సోషలిస్టు అయి తిరిగొచ్చాడు. జీవితాంతం ఆ రంగు పోలేదు.

యుద్ధం వచ్చింది, గ్రెనేడియర్ గార్డ్స్‌లో ఆఫీసరు. 1943లో ఇటలీలో సలెర్నో దగ్గర సముద్రం ఒడ్డున దిగినప్పుడు ఒక చేతిలో పిస్తోలు, ఒక చేతిలో ట్రంపెట్టు పట్టుకుని దిగాడని చెప్పుకుంటారు. ఇలాంటివి ఇంకెవరి గురించైనా చెప్తే నేను నమ్మను. కానీ 1945 మే 8న, యూరప్‌లో యుద్ధం అయిపోయిన రోజు, లండన్‌లో జనం అంతా రాజుగారి ప్యాలెస్ ముందు గుమిగూడి ఉంటే ఈయన ట్రంపెట్టు పట్టుకుని వచ్చేశాడు, ఎవరో ఒక చక్రాల తోపుడుబండి, అదే మన తాపీ పనివాళ్లు ఇసుక మోసుకుపోయేది, దాంట్లో ఎక్కించి తోసుకుంటూ ఊరేగించారు, ఈయన అందులోంచే వాయిస్తున్నాడు. ఇది కట్టుకథ కాదు, ఆ రోజు బీబీసీ వాళ్ల రికార్డింగులో జనం కేకల మధ్య ఆ ట్రంపెట్టు వినబడుతుంది. నేను విన్నాను. సౌండు బాగోదు, గోలగోలగా ఉంటుంది, పాట కూడా అంత గొప్పగా వాయించింది కాదు, కానీ ఇరవై నాలుగు నిండబోతున్న కుర్రాడు బతికి బయటపడ్డ సంబరం అందులో ఉంది.

మిలిటరీ నుంచి వచ్చాక క్యాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో చేరి బొమ్మలు నేర్చుకున్నాడు. బొమ్మలు తిండి పెట్టాయి, డైలీ మెయిల్ పేపర్లో కార్టూనిస్టు ఉద్యోగం. ఆ ఆఫీసులో ఫ్లూక్ అనే కార్టూన్ కథ గీసేది వాలీ ఫాక్స్, ట్రాగ్ అని సంతకం పెట్టేవాడు, హంఫ్ దానికి మాటలు రాసేవాడు. పొద్దున ఇద్దరూ కలిసి కార్టూన్లు, రాత్రి అదే వాలీ ఫాక్స్ హంఫ్ పక్కన నిలబడి క్లారినెట్టు. ఇంకో తమాషా, గన్‌పౌడర్ కుట్రలో పట్టుబడ్డ గై ఫాక్స్ ఇంటిపేరే ఈయనదీ. అంటే మూడువందల నలభై ఏళ్ల తర్వాత ఒక లిటిల్టనూ ఒక ఫాక్సూ మళ్లీ ఒకచోట చేరారన్నమాట, ఈసారి మందుగుండు లేదు.

అప్పట్లో అమెరికాలో న్యూ ఓర్లీన్స్ ఊరి పాత జాజ్‌ని మళ్లీ బతికించాలని ఇంగ్లండ్‌లో ఒక పిచ్చి పట్టింది. ఆ పిచ్చికి మొదటి పెద్ద జార్జ్ వెబ్. ఆయన క్రేఫర్డ్‌లో వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, సాయంత్రాలు బార్న్‌హర్స్ట్‌లో రెడ్ బార్న్ అనే పబ్బులో పియానో వాయించేవాడు, బ్యాండు పేరు డిక్సీలాండర్స్. ఈటన్ కుర్రాడు 1947లో వెళ్లి అందులో చేరాడు. ఒక్కసారి ఊహించుకోండి ఆ రోజుల్లో ఇంగ్లండ్‌ని, నోరు విప్పితే చాలు ఏ తరగతి వాడో తెలిసిపోయే దేశం, అందులో మేడలో పెరిగినవాడు ఫ్యాక్టరీ వాళ్ల బ్యాండులో జేరి వాళ్లతో పాటు వ్యాన్లో తిరగడం. 1948లో సొంత బ్యాండు పెట్టాడు, జార్జ్ వెబ్బూ వాలీ ఫాక్సూ అందులోకే వచ్చారు. ఆ ఏడే ఫ్రాన్స్‌లో నీస్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లాడు, అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. ఆ తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ ఈయన గురించి మెచ్చుకుంటూ అన్న మాట ఒకటి ఉంది, అచ్చుబూతు కలిసిన మెప్పు, నేనిక్కడ రాయను, ఇంట్లో పెద్దవాళ్లు చదువుతారు.

1949 నవంబర్‌లో జరిగింది నాకు బాగా ఇష్టమైన కథ. అప్పుడు అమెరికా జాజ్ వాళ్లు బ్రిటన్‌లో వాయించకూడదు, మ్యూజిషియన్స్ యూనియన్ పట్టుదల వల్ల 1930ల నుంచి గవర్నమెంట్ పర్మిట్లు ఇచ్చేది కాదు, మా పొట్ట కొడతారని వీళ్ల భయం. అలాంటప్పుడు సిడ్నీ బెషే అనే అమెరికన్ లండన్ వచ్చాడు. సొప్రానో శాక్సఫోన్‌కి ఆయన తర్వాతే ఎవరైనా. వింటర్ గార్డెన్ థియేటర్లో హంఫ్ బ్యాండు కచేరీ. బెషే గారు కచేరీ చూడ్డానికి వచ్చి ప్రేక్షకుల్లో కూచున్నారహో అని అనౌన్స్ చేశారు, జనం కేకలు, ఆయన మొహమాటపడుతున్నట్టు స్టేజీ ఎక్కి, తన శాక్సఫోన్ తీసుకుని వాయించడం మొదలెట్టాడు, చూడ్డానికొచ్చినాయన వాయిద్యంతో సహా ఎందుకొచ్చాడో ఎవరూ అడగలేదు. కోర్టు మాత్రం అడిగింది. కచేరీ పెట్టినవాళ్లకి జరిమానా పడింది. ఆ పర్యటనలోనే హంఫ్ బ్యాండూ బెషే కలిసి చేసిన రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి, వాటిల్లో హంఫ్ ట్రంపెట్టు కాస్త బెరుగ్గా, ఇంటికొచ్చిన పెద్దాయన ముందు ఒద్దిగ్గా నిలబడ్డట్టు ఉంటుంది. నాకు అదే నచ్చుతుంది.

లండన్‌లో 100 ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అని ఒక సెల్లార్ ఉంది, ఇప్పుడు 100 క్లబ్ అంటారు, పంక్ వాళ్లూ రాక్ వాళ్లూ అందరూ అక్కడ వాయించినవాళ్లే. 1950ల్లో దాన్ని హంఫ్రీ లిటిల్టన్ క్లబ్ అనేవాళ్లు. నేను ఒకసారి వెళ్లాను, మెట్లు దిగి, ఎర్ర గోడలు, స్తంభాలు అడ్డం, చెమట వాసన. ఇంత ఇరుకులోనా అనిపించింది.

ఇక్కడ దాకా ఆయన్ని అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. ఆ తర్వాతే మొదలైంది తగువు. పాత జాజ్ అభిమానులు చాలా మడికట్టుకున్న మనుషులు, 1920ల్లో ఏ వాయిద్యాలుంటే అవే ఉండాలి, ట్రంపెట్టు ట్రాంబోను క్లారినెట్టు అంతే, శాక్సఫోన్ కనబడితే మైల. హంఫ్ ముందు 1952లో కరీబియన్ సంగీతగాళ్లతో కలిసి, గయానా నుంచొచ్చిన ఫ్రెడ్డీ గ్రాంట్‌తో ఇంకో బ్యాండు చేశాడు, సణుగుడు మొదలైంది. తర్వాత 1953లో బ్రూస్ టర్నర్ అనే ఆల్టో శాక్సఫోన్ అతన్ని తన బ్యాండులో పెట్టుకున్నాడు. బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో కచేరీ. బ్రూస్ టర్నర్ ముందుకొచ్చి శాక్సఫోన్ ఎత్తగానే ప్రేక్షకుల్లో కొందరు పెద్ద బ్యానర్ విప్పారు, ఓరి పాడు బాప్పర్, ఇంటికి పో, అని. బాప్ అంటే అప్పటి కొత్తరకం జాజ్, వీళ్ల దృష్టిలో అది పాపం. నిజానికి టర్నర్ వాయించేది బాప్ కూడా కాదు పాపం. వేరేవాడైతే గుండె జారి అతన్ని తీసేసేవాడు, టికెట్లు కొనేది వాళ్లే కదా. హంఫ్ తియ్యలేదు. ఇంకా శాక్సఫోన్లు పెంచాడు. 1954లో రాసిన మొదటి పుస్తకానికి పేరే ఐ ప్లే యాజ్ ఐ ప్లీజ్ అని పెట్టాడు, నా ఇష్టం వచ్చినట్టు వాయించుకుంటా అని. దొరల పొగరు అని కొందరన్నారేమో కానీ నాకలా అనిపించదు, పొగరు ఉన్నవాడు జనాన్ని విసుక్కుంటాడు, ఈయన ఎప్పుడూ విసుక్కోలేదు, వాళ్లు వచ్చేదాకా ఆగాడు.

దీనికి ఆయన కట్టిన ఖరీదు కూడా చెప్పాలి. సరిగ్గా ఆయన పాత జాజ్ నుంచి పక్కకి జరిగాక, 1960ల మొదట్లో, అదే పాత జాజ్ ఇంగ్లండ్‌లో విరగబడి అమ్ముడుపోయింది. కెన్నీ బాల్ అని ఇంకో ట్రంపెటర్, తూర్పు లండన్ పక్కన ఇల్‌ఫర్డ్‌లో తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరివాడు, ఒక రష్యన్ పాటని మిడ్‌నైట్ ఇన్ మాస్కో అని వాయిస్తే ఇంగ్లండ్‌లోనూ రెండో స్థానం, అమెరికాలోనూ రెండో స్థానం. అంతకు ముందే ఎడ్డీ కాల్వర్ట్, ప్రెస్టన్ ఊరి కుర్రాడు, బంగారు ట్రంపెట్టు మనిషి అనేవాళ్లు, ఓ మైన్ పాపా అనే స్విస్ పాటతో 1954లో తొమ్మిది వారాలు నంబర్ వన్. అమ్మకాల లెక్కన చూస్తే వాళ్లిద్దరి ముందు హంఫ్ ఏపాటి? వాళ్లూ మంచి వాద్యగాళ్లే, కాల్వర్ట్ టోన్ తేనెలా ఉంటుంది, రెండు పాటలయ్యాక నాకు మొహం మొత్తుతుంది, అది నా రోగం. హంఫ్ ట్రంపెట్టు అంత నున్నగా ఉండదు. గొంతు కాస్త బొంగురుపోయిన మనిషి నవ్వుతూ మాట్లాడినట్టు ఉంటుంది, వినగా వినగా మప్పుతుంది.

ఆయనకీ ఒక హిట్టు ఉంది, అది కూడా ఆయనకి తెలియకుండా అయిన హిట్టు. 1956లో డెనిస్ ప్రెస్టన్ అనే ప్రొడ్యూసర్‌కి నాలుగు పాటలు రికార్డు చేస్తూ చివర్లో ఒక బ్లూస్ వాయించారు, పేరు బ్యాడ్ పెన్నీ బ్లూస్. హంఫ్ సెలవు పెట్టి వెళ్లిపోయాడు. స్టూడియోలో ఇంజనీరు జో మీక్, తర్వాత పాప్ సంగీతంలో పెద్ద పేరు సంపాదించిన తిక్క మేధావి, అతను పియానో ఎడమ చేతి గతినీ డ్రమ్స్ బ్రష్‌లనీ ముందుకి లాగి దండిగా పెంచేశాడు, అప్పట్లో జాజ్ రికార్డు అలా చెయ్యడం అపచారం. హంఫ్ తిరిగొచ్చేసరికి రికార్డు బజార్లో ఉంది. ముందే వినుంటే ఒప్పుకునేవాణ్నే కాదని తర్వాత ఆయనే చెప్పాడు. అది టాప్ ట్వంటీలోకి, అంటే అమ్మకాల్లో మొదటి ఇరవైలోకి ఎక్కింది, 19వ స్థానం.

రేడియో సంగతి ఇంకొకటి ఉంది, నిజానికి సంగీతం అంటే పడని ఇంగ్లీషు వాళ్లకి కూడా ఆయన తెలిసింది దీంతోనే. 1972లో రేడియో ఫోర్‌లో ఐయామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ అని ఒక కామెడీ ప్రోగ్రామ్ మొదలైంది. నలుగురు కమెడియన్లు, వాళ్లకి అర్థంపర్థం లేని పనులు చెప్పే చైర్మన్ ఈయన. ఒక పాట మాటల్ని ఇంకో పాట ట్యూన్‌లో పాడమంటాడు. మార్నింగ్టన్ క్రెసెంట్ అని ఒక ఆట ఉంది, ఒక్కొక్కరూ లండన్ స్టేషన్ల పేర్లూ వీధుల పేర్లూ చెప్పుకుంటూ పోతారు, ఎవరు ముందు మార్నింగ్టన్ క్రెసెంట్ అంటే వాళ్లు గెలిచినట్టు. రూల్సేంటి అంటే రూల్సు లేవు. కానీ అందరూ ఘోరమైన సీరియస్‌గా, ఆ ఎత్తు ఇప్పుడు చెల్లదండీ ఫలానా సవరణ ప్రకారం అని వాదించుకుంటారు. నేను మొదటిసారి విన్నప్పుడు కాగితం పెన్ను తీసుకుని స్టేషన్ల పేర్లు రాసుకుంటూ లెక్కేదో ఉంటుందని పట్టుకోబోయా, పక్క గది ఐరిష్ డాక్టరు చూసి నేలమీద పడి నవ్వాడు.

ఇక సమంతా. ఆమె స్కోరు రాసే అమ్మాయి, హంఫ్ పక్కన కూచుంటుంది అని చెప్తారు. అలాంటి మనిషే లేదు. ప్రతి ఎపిసోడ్‌లోనూ సమంతా నిన్న సాయంత్రం ఎక్కడికెళ్లిందో హంఫ్ ఒక చిన్న పేరా చదువుతాడు, మొత్తం ద్వంద్వార్థాలే, పచ్చిగా చెప్పాలంటే బూతు, కానీ ఆయన చదివే తీరు మున్సిపాలిటీ వాళ్ల నీటి సరఫరా ప్రకటన చదివినట్టుంటుంది. హాలు దద్దరిల్లి నవ్వుతుంది. ఈయన ఆగి, వీళ్లెందుకు నవ్వుతున్నారో నాకైతే తెలీదు అన్నట్టు ఊరుకుని తర్వాతి లైనుకి పోతాడు. ఎంత సేపు ఆగాలో అంత సేపే ఆగుతాడు, ఒక్క క్షణం అటూ ఇటూ కాదు, అది ట్రంపెట్టు నేర్పిన విద్యే అని నా నమ్మకం. సోలోలో ఎక్కడ ఊదకుండా ఉండాలో తెలిసినవాడికే అది వస్తుంది.

1990ల చివర్లో ఆయన్ని ఎదురుగా చూశాను. మిడ్‌ల్యాండ్స్‌లో ఒక చిన్న ఊరు, ఊరి థియేటరు, సీట్లు సగం పైన తెల్లజుట్టు వాళ్లు, హాలు మొత్తానికి నల్లతల నేనొక్కణ్నే అయి ఉంటా. డెబ్భై దాటిన మనిషి, బాగా పొడుగు, కాస్త వంగి నడుస్తూ వచ్చాడు. పాటకీ పాటకీ మధ్య రేడియోలో లాగే మాట్లాడాడు. వాయించేటప్పుడు చూశాను, తన సోలో అవగానే గబుక్కున పక్కకి తప్పుకుని, ట్రంపెట్టులో నీళ్లు దులుపుకుని, పియానో పక్కన నిలబడి మిగతావాళ్లు వాయించేది వినేవాడు, ఊరికే నిలబడటం కాదు, తలాడిస్తూ, ఒక్కోసారి శాక్సఫోన్ మనిషి ఏదో కొత్తగా అనగానే కనుబొమలు ఎగరేస్తూ. అన్నేళ్ల నుంచి రోజూ వినే మనుషుల్ని అలా వినడం నేను మళ్లీ చూళ్లేదు. బ్రూస్ టర్నర్‌ని ఎందుకు వదులుకోలేదో నాకు అక్కడ అర్థమైంది.

ఇంటర్వెల్లో సీడీలు అమ్మారు, ఆయన సొంత లేబులు కాలిగ్రాఫ్‌వి. ఆ పేరు ఎందుకంటే ఈయనకి చేతిరాత పిచ్చి, ఇటాలిక్ రాత, ఆ రాత అభిమానుల సంఘానికి అధ్యక్షుడిగా కూడా చేశాడు. సంతకం కోసం లైన్లో నిలబడ్డా. పేరు అడిగాడు, నా పేరు మన గోదావరి జిల్లా తాతలు పెట్టే రకం పేరు, ఇంటిపేరుతో కలిపితే రైలు పెట్టెలంత పొడుగు, ఊరికే మొదటి రెండక్షరాలు చెప్తే ఆయన ఊరుకోలేదు, పూర్తిగా స్పెల్లింగ్ చెప్పించుకుని, వెనకాల లైను పెరుగుతున్నా తొందరపడకుండా సీడీ అట్ట మీద ఒక్కో అక్షరం చెక్కినట్టు రాశాడు. ఈయన సంతకం చిన్నది, నా పేరే పెద్దది. పాస్‌పోర్టులో కూడా నా పేరు అంత సరిగ్గా లేదు.

మనిషి మాత్రం గుట్టు మనిషి. లండన్ ఉత్తరాన బార్నెట్ పక్కన ఆర్క్‌లీలో ఇల్లు కట్టుకున్నాడు, బయటి గోడలకి కిటికీలు లేవు, గదులన్నీ లోపలి వాకిలి వైపు తెరుచుకుంటాయి, అచ్చం మన మండువా లోగిలి. ఫోనంటే పరమ చిరాకు, నంబరు డైరెక్టరీలో ఉండనిచ్చేవాడు కాదు, పొరపాటున ఎవరికైనా తెలిసిందంటే నంబరే మార్పించేసేవాడట. పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాడు, కొన్నాళ్లు ఒక మ్యాగజైన్‌కి హోటళ్ల భోజనాల మీద రివ్యూలు రాశాడు. సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. ఆయన వంశంలో బిరుదులకి కొదవలేదు కదా, మోజు తీరిపోయి ఉంటుంది అని మా కన్సల్టెంట్ అన్నాడు, నాకైతే పోర్ట్ టాల్బట్ ఫ్యాక్టరీ గుర్తొచ్చింది.

2008 ఏప్రిల్ 25న పోయాడు, బార్నెట్ హాస్పిటల్లో, గుండె నుంచొచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ చేశారు, నిలవలేదు. ఎనభై ఆరేళ్లు. నెల కిందటిదాకా రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ కామెడీ ప్రోగ్రామ్ ఏడాదికి పైగా ఆపేశారు, తర్వాత వేరేవాళ్లని చైర్మన్‌గా పెట్టి మళ్లీ మొదలెట్టారు, బాగానే ఉంటుంది, నేను వినను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, దానికి నా పాటలంటే చిన్నచూపు. టీనేజ్‌లో ఉన్నప్పుడు రేడియోహెడ్ అనే రాక్ బ్యాండు పిచ్చి పట్టింది, కార్లో ఎక్కితే చాలు అవే ఏడుపు పాటలు. ఒకరోజు ఆమ్నీజియాక్ అనే ఆల్బమ్ పెట్టింది, ఆఖరి పాటలో ఉన్నట్టుండి క్లారినెట్టూ ట్రాంబోనూ శవయాత్ర బ్యాండులా మొదలయ్యాయి, వాటి మీద ఒక ట్రంపెట్టు. హంఫ్ అన్నా. నాన్నా ఇది రేడియోహెడ్ అంది, నీకు అన్నిట్లోనూ ఆ రేడియో తాతే వినిపిస్తాడు అంది. ఫోన్లో వెతికి చూసి నోరు మూసుకుంది. జానీ గ్రీన్‌వుడ్ అని ఆ బ్యాండులో గిటారిస్టు ఈయనకి ఉత్తరం రాసి సాయం అడిగాడట, పాట పేరు లైఫ్ ఇన్ ఎ గ్లాస్‌హౌస్, వచ్చింది 2001లో. రికార్డింగుకి ఏడు గంటలు పట్టింది, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, పెదవి వాచిపోయేలా వాయించి అలిసిపోయి ఇంటికెళ్లాడు, అంతటితో ఆగకుండా ఆ వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ల పెద్ద ఓపెన్ ఎయిర్ కచేరీకి బ్యాండుతో సహా వెళ్లి స్టేజీ మీద వాయించాడు.

దాంతో మా అమ్మాయి కాస్త మెత్తబడి, సరే ఆయనది ఏది వినమంటావు అంది. బ్యాడ్ పెన్నీ బ్లూస్ పెట్టమన్నా. పియానో మొదలై నాలుగు ఆవర్తాలు కాకముందే ఆపేసి, ఇది బీటిల్స్ లేడీ మడోన్నా కదా, మీ తాత కాపీ కొట్టాడు అంది. మళ్లీ ఫోను తియ్యమన్నా. లేడీ మడోన్నా ఎప్పుడొచ్చిందీ అంటే 1968. ఇదెప్పుడు? 1956. రెండూ ఒకే లేబులు, పార్లోఫోన్. ఈయనేమన్నా గొడవ చేశాడా అని అడిగింది, లేదే, సంతోషించాడు అన్నా, అయినా పియానో వాయించింది ఆయన కాదు, జానీ పార్కర్, ఆ పేరు కూడా వెతుకు.